జబల్ మీది చెరువు

ఆ రోజుల్లో గల్ఫ్‌కు వెళ్లిన మనిషి గొంతు ఇంటివాళ్లకు వినపడాలంటే క్యాసెట్టే దిక్కు. ఉత్తరాలు ఉండేవి, కాదనను. కానీ రాయడానికి ఇక్కడొకడు, చదివి వినిపించడానికి అక్కడొకడు కావలసి వచ్చేది. ఆ ఇద్దరి నోళ్లూ దాటేసరికి పెళ్లానికి చెప్పుకున్న ముద్దు మాట కూడా ఊళ్లో వేసే చాటింపులా తయారయ్యేది. అందుకని మొదటి జీతాల్లోనే ఒక టేప్‌రికార్డర్ ఇంటికి పంపి, ఇంకొకటి తమ దగ్గర ఉంచుకునేవారు. సెలవు మీద ఎవరు బయల్దేరినా వాడి పెట్టెలో బట్టలకంటే క్యాంపువాళ్ల క్యాసెట్లే ఎక్కువ. ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు వీడియోకాల్‌లో ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ "ఆఁ, ఇంకేంటి?" అని అరనిమిషంలో ముగించేస్తుంటే నాకు ఆ క్యాసెట్లే గుర్తొస్తాయి. ఒక పక్కకు అరగంట పట్టేది. కొన్నాక ఖాళీగా వదలడానికి మనసొప్పేది కాదు, ఏదో ఒకటి మాట్లాడి నింపాలి. నింపడంలో మా క్యాంపులో నన్ను మించినవాడు లేడు. (గొప్పకు చెప్పుకోవడం కాదు. ఆ నోటితో నేను పడ్డ పాట్లు నాకే తెలుసు.)

చమురు ధర పెరిగి ఖతర్‌లో ఎక్కడ చూసినా తవ్వకాలే నడుస్తున్న కాలమది. మా క్యాంపు పడమటి తీరాన, దుఖాన్ వైపు ఉండేది. పైపులైన్ల పని. ఇంటర్ పాసై, నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చినందుకు నన్ను టైంకీపర్‌ని చేశారు. పొద్దున్నే పేర్లు పిలిచి హాజరు వేసుకోవడం, ఆ తర్వాత చిన్న రేకుల గదిలో కూర్చోవడం నా ఉద్యోగం. ఆ గదికి ఏసీ ఉండేది. ఆ రోజుల్లో నాకు అంతమంది స్నేహితులుండటం నా మంచితనం వల్లేనని చాలాకాలం అనుకున్నాను.

ఆ స్నేహితుల్లో ఏసీ కోసం రానివాడు ఒక్కడే. మా ఊరికి రెండు ఊళ్ల అవతలి మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద, నేను అన్నా అనేవాణ్ని. ఎత్తుగా, బలంగా ఉండేవాడు. కందకాలు తవ్వేవాడు. మాట మాత్రం చాలా పొదుపు. రోజంతటికీ అతని నోటి నుంచి వచ్చేవి నాలుగైదు "ఔ"లు, రెండు "కాదు"లు, అంతే. అలాంటి మనిషి ఒక శుక్రవారం క్యాసెట్ పట్టుకుని నా గదికి వచ్చి, "తమ్మీ, ఇది జర ఇను" అన్నాడు. ఊళ్లో అతని భార్య మాట్లాడిన క్యాసెట్ అది.

"ఇగో, మీ అవ్వను ఇగ నువ్వే సముదాయించు, మాతోని అయితలేదు. పగటీలి బువ్వ తిని ఇంట్ల కూసుంటలేదు. వాకిట్ల ఎండల కూసుంటంది. ఎందుకత్తా అంటే, నా కొడుకు ఎండల ఉంటే నేను నీడల ఎట్ల కూసుందునే అంటది. గొడుగు పడితే ఇసిరి కొట్టింది. మొన్న కండ్లు తిరిగి పడ్డది. లోపట పండవెడితే, లేసి మళ్ల పోయి గాడనే కూసున్నది." వెనకాల నుంచి ముసలి గొంతు ఒకటి వినిపించింది. "సెప్పు సెప్పు. ఆడికి మంచిగ సెప్పు. నాకేమన్న బయమా?"

(మా వైపు తల్లిని అవ్వ అంటాం. ఆ గొంతు అతని తల్లిది.) జరిగిందేమంటే, మా క్యాంపు నుంచి సెలవు మీద వెళ్లిన ఒకడు వాళ్ల ఊరి హోటల్లో చాయ్ తాగుతూ, దుబాయ్ ఎండకు మనుషులు నిలబడ్డచోటే కూలుతున్నారని చెప్పాడు. (ఊళ్లో వాళ్లకు గల్ఫంతా దుబాయే. ఖతర్ అంటే అది దుబాయ్‌లో ఒక వీధి అనుకునేవారు.) వాడు చెప్పింది అబద్ధమని అనడానికి నాకు నోరు రాలేదు. ఆ వేసవిలోనే ఇద్దర్ని చేతుల మీద మోసుకెళ్లి పికప్‌లో పడుకోబెట్టాం. అందులో ఒకడు మళ్లీ పనికి రాలేదు. మా కరీంనగర్ ఎండ ఖతర్ ఎండంత కాకపోవచ్చు గాని, ముసలి ప్రాణానికి అదే చాలు. అన్న ఆ క్యాసెట్‌ను వెనక్కి తిప్పి, తల్లి గొంతు ఉన్న చోటు మాత్రం మళ్లీ విన్నాడు. తర్వాత అక్కడే కూర్చుని, అంత పెద్ద మనిషి, మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు. ఆ వయసులో ఏడ్చే మగవాణ్ని ఎలా ఓదార్చాలో నాకు తెలియదు. ఏసీ ఇంకాస్త పెంచాను.

ఆ తర్వాతి వారమే మా అరబ్బు ఫోర్‌మన్ సాయంత్రం పని ముగిశాక అన్నను వేలుతో పిలిచి, "నువ్వు. బుక్రా. జబల్ ఫోగ్. బిర్కా. ఖలాస్" అన్నాడు. మాకెవరికీ అర్థం కాలేదు. ఇలాంటి సమయాల్లో మాకు పెద్ద దిక్కు తర్జుమా భాయ్. జగిత్యాల మనిషి, వెల్డర్. ఇంట్లో దక్కనీ, బయట తెలుగు, నమాజుకు అరబ్బీ ఉన్నాయి కాబట్టి ప్రపంచంలోని భాషలన్నీ తనకు సగం వచ్చినట్టేనని ఆయన లెక్క. ఆయన ఫోర్‌మన్ మాటల్ని కళ్లు మూసుకుని ఒకసారి నెమరేసి, ఒక్కసారిగా అన్నను కౌగిలించుకున్నాడు. "అరె మియా, నీ కిస్మత్ ఖుల్ గయా! జబల్ అంటే గుట్ట. ఫోగ్ అంటే మీద. బిర్కా అంటే తాలాబ్, చెరువు. రేపటి సంది నీకు గుట్ట మీద చెరువు కాడ డ్యూటీ! పార లేదు, గీర లేదు. చెరువు కాడ కూసోని నీళ్లు సూసుడే!"

ఖతర్‌లో గుట్ట మీద చెరువేమిటని మాలో ఒక్కడికీ అనుమానం రాలేదు. మేం వచ్చి ఏడాది కాలేదు. క్యాంపు, కందకం, నెలకోసారి దోహా బజారు తప్ప మేం చూసిందేమీ లేదు. పైగా అరబ్బులకు డబ్బుంది, ఏమైనా కట్టించుకోగలరు, గుట్ట కావాలంటే గుట్ట, చెరువు కావాలంటే చెరువు. ఆ మర్నాడు తెల్లవారకముందే మా క్యాంపు మేస్త్రీ ఒకాయన ఇండియాకు బయల్దేరుతున్నాడు. ఇంకేముంది, అప్పటికప్పుడు కొత్త క్యాసెట్ విప్పాం. అన్న చెప్పమన్నది ఒక్క మాట, నేను నింపింది అరగంట. "అవ్వా, నీ కొడుకుకు ఇగ ఎండ లేదు. గుట్ట మీద పెద్ద చెరువున్నదట. గాడ డ్యూటీ ఏసిండ్రు. నువ్వు నీడకు రా" అని మొదలుపెట్టి, చుట్టూ కొండలు, చల్లని గాలి, దిగే కొంగలు అంటూ నేను చూడని దాన్నంతా చూసినట్టు చెప్పాను. అన్న చివరికి మైకు దగ్గర మూతి పెట్టి "ఔనవ్వా" అన్నాడు. మేస్త్రీ ఆ క్యాసెట్‌ను బనీను లోపల పెట్టుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు అన్నను దించడానికి పికప్‌లో నేనూ వెళ్లాను, చెరువు చూద్దామని. తర్జుమా భాయ్ కూడా సబ్బు, తువ్వాలు తీసుకుని బయల్దేరాడు. బోడి సున్నపురాయి మిట్ట ఒకటి, మా ఊరి బడి మీద ఇంకో బడి పెడితే ఎంత ఎత్తు ఉంటుందో అంత ఉంది. మొక్క లేదు, మోడు లేదు. దాని నెత్తి మీద నాలుగు మూలల సిమెంటు తొట్టి. పైపుల్లోకి వదిలే నీళ్లు నిల్వ చేసే తొట్టి. పక్కన ఒక మనిషి పట్టే రేకుల గుడిసె. రోజంతా అక్కడ కూర్చుని, నీళ్లు నిండితే పంపు ఆపాలి, తగ్గితే తిప్పాలి. కందకంలో ఉన్నప్పుడైనా గోడ నీడ కాస్త పడేది. ఇక్కడ ఆ నీడ కూడా లేదు. రేకు మీద చెయ్యి పెడితే చర్రుమంది. అన్న తొట్టి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "బాయ్, చెరువేది?" అని అడిగాడు. తర్జుమా భాయ్ తువ్వాలు భుజం మీద సర్దుకుంటూ, "బిర్కా అంటే చిన్న తాలాబ్ కూడా అయితది మియా" అన్నాడు. నేను నవ్వలేదు, అన్న మొహం చూస్తే ఎవరికీ నవ్వు రాదు.

క్యాసెట్ అప్పటికే బొంబాయి దాటి ఉంటుంది. కొన్ని వారాలకు జవాబు వచ్చింది. భార్య గొంతులో పండుగ వినపడుతోంది. అవ్వ నీడకు వచ్చింది. ఇంట్లో కూర్చుని అన్నం తింటోంది. ఆ తర్వాత అవ్వ స్వయంగా టేప్‌రికార్డర్ లాక్కుని మాట్లాడింది. "ఆ మాట్లాడిన పొల్లగాడు మాటకారి లెక్కున్నడు. గట్ల కాదు, నేను అడిగినవి చెప్పుమను. చెరువుకు కట్ట ఉన్నదా? తూము ఏ దిక్కున్నది? మత్తడి దునుకుతదా? చేపలున్నయా? చలి పెడ్తదా? మైసమ్మ ఏడున్నది? సక్కగ సూసి చెప్పుండ్రి. మాటల తేడా వచ్చిందనుకో, నేను మళ్ల వాకిట్లకే."

ముగ్గురం నా గదిలో కూర్చుని పంచాయతీ పెట్టుకున్నాం. తర్జుమా భాయ్ రెండు ముక్కల్లో తేల్చేశాడు. "సచ్ బోలే తో అవ్వ ఎండల. ఝూట్ బోలే తో అవ్వ నీడల. ఇగ నువ్వే సోచాయించు." అన్న అప్పుడు, అంతవరకు నేను అతని నోట వినని పొడుగైన వాక్యం ఒకటి చెప్పాడు. "అవ్వకు నేను అబద్దం జెప్ప. గుట్ట ఉన్నది, నీళ్లున్నయి. ఉన్నదే జెప్పుండ్రి, లేనిది జెప్పకుండ్రి. నేను ఔ అంట." అదీ మా ఒప్పందం. మాటలు నావి, ఔ అతనిది, అతను ఔ అనాలంటే ఆ వస్తువు అక్కడ కనపడాలి.

అలా మొదలైంది మా శుక్రవారాల చెరువు యాత్ర. సెలవు రోజున సాయంత్రం ఎండ దిగాక ముగ్గురం టేప్‌రికార్డర్ భుజాన వేసుకుని మిట్ట ఎక్కేవాళ్లం. తొట్టి గోడ మీద నిలబడి, "ఇది కట్ట అవ్వా, గట్టి కట్ట, సిమెంటుతోని కట్టిండ్రు" అంటే అన్న గోడను చేత్తో తట్టి చూసి "ఔనవ్వా" అనేవాడు. వాల్వు తూము అయింది. నిండితే నీళ్లు బయటకు పోయే పైపు మత్తడి అయింది. మత్తడి దూకుతుందని చెప్పడానికి ఒకసారి పంపు ఆపకుండా ఉంచి, నీళ్లు ఆ పైపులోంచి పడే చప్పుడు రికార్డు చేశాం. (ఆ నీళ్ల విలువ ఆ దేశంలో ఏమిటో తెలిసిన ఫోర్‌మన్ కింద నుంచి కేకలు వేస్తూ పరుగెత్తుకొచ్చాడు. ఆ కేకలు కూడా క్యాసెట్‌లో పడ్డాయి. చెరువు కాడ కావలివాళ్లు గట్టివాళ్లేనని అవ్వ తర్వాత మెచ్చుకుంది.) చేపల కోసం తర్జుమా భాయ్ దోహాలో ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో ఉండే తన మేనమామ గదికి వెళ్లి, వస్తూ బజార్లో హమూర్ చేప ఒకటి కొని తెచ్చాడు. దాన్ని తొట్టి పక్కనే మూడు రాళ్ల మీద వండుకుని తిన్నాం. "చెరువు కాడ చేప తిన్నం అవ్వా" అన్నాను. అన్న ముల్లు తీసి పక్కన పెట్టి, ఆలోచించి, "ఔనవ్వా" అన్నాడు. చేప చెరువులోదని ఎవరూ అనలేదు కదా.

మైసమ్మతోనే అసలు చిక్కు వచ్చింది. చెరువన్న తర్వాత కట్ట మైసమ్మ ఉండాలి, ఆమెకు మొక్కకుండా చెరువు కాడ ఉండే మనిషికి మంచిది కాదని అవ్వ నమ్మకం. అన్నది కూడా అదే నమ్మకం. తొట్టి మూలకు ఒక రాయి నిలబెట్టి, పైపులకు వేసే ఎర్ర రంగు కొంచెం అద్ది, అక్కడ రోజూ పొద్దున ఒక నిమిషం నిలబడేవాడు. వారం తిరిగేసరికి ఫోర్‌మన్ కళ్లలో పడింది. ఆ రాయిని బూటుతో చూపిస్తూ ఏమిటిదని అడిగాడు. తర్జుమా భాయ్ ముందుకు వెళ్లి, నిదానంగా, తనకు వచ్చిన భాషలన్నీ కలిపి, "సార్, దిస్ నిషాన్. కింద పైపు. నో డిగ్గింగ్. ఖతర్నాక్" అన్నాడు. ఫోర్‌మన్ తల ఊపి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆ వైపు వచ్చిన తవ్వే యంత్రాలన్నీ ఆ రాయి దగ్గర చుట్టు తిరిగి పోయేవి. నేను అక్కడ ఉన్నన్నాళ్లూ మైసమ్మ జోలికి ఎవరూ రాలేదు. ఆ రాయిని కాపాడింది తనేనని తర్జుమా భాయ్ ఎప్పుడూ చెప్పుకోలేదు. "అవ్వ పరేషాన్ కావద్దు" అనేవాడు, అంతే.

తొట్టి గురించి చెప్పవలసినవి అయిపోయాక మేం నడక మొదలుపెట్టాం. ఆ మిట్ట ఉత్తరానికి సాగి సాగి పోతుంది. గాలి కొరికి కొరికి గొడుగుల్లా చేసి పెట్టిన బండలు, నడుమ ఇటు నుంచి అటు కనిపించేలా కన్నం పడిన గోడలాంటి రాయి, కిందికి దిగే ఎండిన వాగు. ఒక్కో శుక్రవారం ఒక్కోటి చూసి, పేరు పెట్టి, అవ్వకు చెప్పేవాళ్లం. గొడుగు బండ, కిటికీ బండ, జారుడు వాగు. చివర ఒక అంచు ఉంది, అక్కడ నిలబడితే పడమట సముద్రం, ఇటు తెల్లటి ఉప్పునేల కనిపిస్తాయి. మొదటిసారి అక్కడికి చేరేసరికి పొద్దు గుంకుతోంది. ఉప్పునేలంతా ఎర్రబడి, దూరంగా గ్యాసు మంటలు వెలుగుతున్నాయి. నేను మైకు తీసి నోటి దగ్గర పెట్టుకున్నాను గాని మాట రాలేదు. ఆ క్యాసెట్‌లో అక్కడ గాలి తప్ప ఏమీ లేదు. ఏడాదిగా ఆ దేశంలో ఉండి ఆ దేశాన్ని మేం చూడటం అదే మొదలు. కందకంలోంచి అది కనపడదు. ఊరికి తిరిగి వెళ్లేదాకా రోజులు లెక్కపెట్టుకునే చోటుగానే దాన్ని చూశాను తప్ప, దానికీ ఒక అందం ఉంటుందని నాకు తట్టలేదు. నాకు ఎందుకో బాగా దిగులేసింది, నన్ను కన్న అవ్వ ఇక్కడ ఉంటే బాగుండు అనిపించింది.

ఒక మధ్యాహ్నం కింద మైదానంలో నీళ్లు తళతళలాడుతూ కనపడ్డాయి. నిజంగా చెరువే, గట్లతో సహా. నేను ఎగిరి గంతేసి టేప్‌రికార్డర్ నొక్కబోతే అన్న నా చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు తమ్మీ. అది ఎండమావి. అది ఉన్నది గాదు." అంత అందమైన చెరువును నేను చెప్పకుండా వదిలేయవలసి వచ్చింది.

ఇన్ని నియమాలు పెట్టుకున్నా ఒక్క ప్రశ్న మిగిలిపోయింది. చలి. "చలి పెడ్తదా లేదా, గది మాత్రం చెప్తలేరు" అని అవ్వ ప్రతి క్యాసెట్‌లోనూ నిలదీసేది. మొదటి క్యాసెట్‌లో చల్లని గాలి అని నేనే కూశాను మరి. చివరికి ఒక వేసవి రోజు నేను అన్నను నా గదిలోకి లాక్కొచ్చి, చెమట చొక్కాతో ఏసీ ముందు నిలబెట్టాను. కాసేపటికి అతని చేతుల మీద వెంట్రుకలు లేచాయి. "చలి పెడ్తంది కదా?" అన్నాను మైకు చూపిస్తూ. "ఔనవ్వా" అన్నాడు. నేను గెలిచినట్టు నవ్వాను. అతను నవ్వలేదు. బయటికి వెళ్లి గది గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "గా చలి చెరువు కాడిది గాదు తమ్మీ" అన్నాడు. ఆ తర్వాత చాలా శుక్రవారాలు అతను యాత్రకు వచ్చాడు గాని, ఔ అనేటప్పుడు మునుపటి గట్టిదనం ఉండేది కాదు.

ఆ మరుసటేడు ఎండాకాలంలో నాకు సెలవు దొరికింది. ఇంటికి వెళ్లిన నాలుగైదు రోజులకు క్యాసెట్లు, సెంటు సీసాలు, ఒక చీర సంచీలో పెట్టుకుని అన్న వాళ్ల ఊరికి వెళ్లాను. అవ్వ ఇంట్లో, నీడలో, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చిన్న ప్రాణం. ఎండలో కూర్చున్న రోజుల గుర్తుగా బుగ్గల మీద నల్లటి మచ్చలు మిగిలాయి. వాటిని చూడగానే నా నోరు సగం పడిపోయింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని, "నువ్వేనా బిడ్డా, గా మాటకారివి?" అంది. ఔనన్నాను. "మరి చెప్పు, చెరువు మంచిగున్నదా?" అంది.

నేను మొదలుపెట్టాను. కట్ట, తూము, గొడుగు బండ, అది దాటాక కిటికీ బండ. అవ్వ నా చేతి మీద చిన్నగా కొట్టింది. "కాదు బిడ్డా. ముందుగాల కిటికీ బండ అస్తది. గాడికెల్లి జారుడు వాగు దిగి, ఎడమ దిక్కు పోతె గొడుగు బండ. మరిశిపోయినవా?" నిజమే. తలుచుకుని చూస్తే ఆవిడ చెప్పిందే సరి. ఈలోగా పక్కింటి ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చి చేరారు. వాళ్లకూ ఆ చెరువు కంఠతా వచ్చు. "పొద్దు గుంకే అంచు కాడ గాలి మంచిగ కొడ్తదంట కదా" అని ఒకామె నన్ను అడిగింది. ఆ గాలిని ఆ ఊరంతా విన్నది. క్యాసెట్‌లో నేను మాట్లాడలేక వదిలేసిన చోటు వచ్చినప్పుడల్లా అవ్వ అందరినీ ఊరుకోమనేదట, గిప్పుడు అంచు మీద నిలబడ్డరు, సప్పుడు జెయ్యకుండ్రి అని. నేను చూసి వచ్చినవాణ్ని, ఆవిడ ఇంట్లోంచి కదలని మనిషి. అయినా ఆ పూట ఆ చెరువు చుట్టూ నన్ను చెయ్యి పట్టుకుని తిప్పింది ఆవిడే. మంచినీళ్లు అడిగాను.

నేను బయల్దేరేటప్పుడు అవ్వ లోపలికి వెళ్లి ఒక మూట తెచ్చి నా ఒళ్లో పెట్టింది. నల్ల గొంగడి. గొర్రెలు కాసే కురుమవాళ్ల దగ్గర దగ్గరుండి నేయించింది, గొర్రెబొచ్చు వాసన ఇంకా పోలేదు. ఒళ్లో ఒక చిన్న బండరాయి ఉన్నంత బరువుంది. "గుట్ట మీద చెరువు, చలి పెడ్తదన్నడు కదా. ఆడు ఎన్నడు నోరు తెరిచి అడగడు. నువ్వే ఇచ్చి, కప్పుకోమను" అంది. ఏసీ ముందు నేను అనిపించిన ఆ ఒక్క ఔ ఆవిడ చేత ఇంత పని చేయించింది.

జూన్ నెలలో, దోహా విమానాశ్రయంలో, చెమటలు కారుతున్న టైంకీపర్ ఒకడు భుజాన నల్ల గొంగడి వేసుకుని కస్టమ్స్ బల్ల ముందు నిలబడ్డాడు. అధికారి దాన్ని విప్పాడు, దులిపాడు, వాసన చూసి తల వెనక్కి లాగాడు. ఎందుకిది అన్నట్టు చెయ్యి తిప్పాడు. నాకొచ్చిన అరబ్బీ మాటల్లోంచి ఒకటి వెతికి, "బారద్" అన్నాను, చలి అని. "బారద్? ఖతర్?" అన్నాడు. పక్క బల్లవాణ్ని పిలిచాడు. వాడు ఇంకొకణ్ని పిలిచాడు. అందరూ కడుపు పట్టుకుని నవ్వారు. చివరికి ఒక ముసలి అధికారి వచ్చి, గొంగడి అంచు వేళ్లతో నలిపి చూసి, "మిన్? ఉమ్?" అని అడిగాడు, ఎవరు, అమ్మా అని. నేను తల ఊపాను. ఆయనే దాన్ని మళ్లీ మడత పెట్టి నా చేతికిచ్చి, "యల్లా, రూహ్" అన్నాడు, పొమ్మని.

మర్నాడు గొంగడి తీసుకుని, తర్జుమా భాయ్‌ని వెంటబెట్టుకుని మిట్ట ఎక్కాను. మిట్టమధ్యాహ్నం. పొడి వడగాలి ఇసుక ఎగరేస్తోంది. అన్న గుడిసెలోంచి బయటికి వచ్చి, ఏమీ అడగకుండా గొంగడి అందుకుని, ముఖం అందులో పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అవ్వ నీడలోనే కూర్చుంటోందని చెప్పాను. "చలికి కప్పుకోమన్నది" అని కూడా చెప్పవలసి వచ్చింది. ఆ వేడిలో, ఆ రేకుల పక్కన, ఆ మాట చెబుతుంటే నాకు సిగ్గేసింది. తర్జుమా భాయ్ మొహం తిప్పుకున్నాడు.

అన్న గొంగడి విప్పి తొట్టి దగ్గరికి వెళ్లాడు. దాన్ని బిందెలకొద్దీ నీళ్లతో తడిపాడు. (ఆ రోజు ఫోర్‌మన్ చూసి ఉంటే నా ఉద్యోగం కూడా పోయేది.) తడిసి బరువెక్కిన గొంగడిని మా ఇద్దరి సాయంతో మోసుకొచ్చి, గుడిసెకు గాలి వచ్చే వైపు, తలుపుకు అడ్డంగా వేలాడదీశాడు. లోపలికి వెళ్లి నేల మీద కూర్చున్నాడు. మమ్మల్ని కూడా రమ్మన్నాడు. ముగ్గురం ఆ ఇరుకులో మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాం. మొదట ఏమీ లేదు. కాసేపటికి వడగాలి ఆ తడి బొచ్చులోంచి దూరి లోపలికి రావడం మొదలైంది. గొర్రె వాసనతో, తడి వాసనతో, నిజంగా చల్లగా వచ్చింది. తర్జుమా భాయ్ "సుభానల్లా" అన్నాడు. అన్న చెయ్యి చాచి, "టేప్ ఇయ్యి" అన్నాడు. ఇచ్చాను. మీట తనే నొక్కుకున్నాడు. నేను అలవాటుగా నోరు తెరవబోతే చేత్తో ఆపాడు.

"అవ్వా," అన్నాడు. గొంతు సరిచేసుకున్నాడు. "గొంగడి అచ్చింది. నేను చెరువు కాడ కూసున్న. సల్లగుందవ్వా. ఈ సల్లదనం ఈడిదే. నువ్వు నీడల్నే ఉండు." అంతే. మిగిలిన అరగంటా ఏమీ మాట్లాడలేదు. నేనూ నింపలేదు. టేపు చివరిదాకా తిరిగి తనంతట తనే ఆగేవరకు ముగ్గురం ఆ చల్లగాలిలో కదలకుండా కూర్చున్నాం.

అవ్వ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది, నీడలోనే. అన్న ఊరికి తిరిగి వచ్చేశాడు, ఇప్పుడు అతనికే మనవలు. తర్జుమా భాయ్ జగిత్యాలలో కన్నుమూశాడు. మొన్నామధ్య మా అల్లుడు నన్ను ఉత్తరాదికి తీసుకెళ్లి, ఎంతో ఎత్తున మంచుకొండల నడుమ ఉన్న పెద్ద సరస్సు చూపించాడు. నాలుగు వైపులా చూడదగ్గ చోట్లన్నీ బోర్డులు పెట్టి ఉన్నాయి. ఒక్కోచోట జనం నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. నేను కోటు మీద కోటు వేసుకుని, మఫ్లరు చుట్టుకుని, ముక్కు కారుతుంటే నిలబడ్డాను. మా ఆవిడ ఇంటి నుంచి ఫోన్ చేసి, "ఎట్లుంది? జర చెప్పుండ్రి" అంది. కళ్లెదుటే ఉంది అంత సరస్సు. చెప్పాలని నోరు తెరిచాను. "సల్లగుంది" అన్నాను. ఇంకేం చెప్పాలో తోచలేదు. తను సరే జాగ్రత్త అని పెట్టేసింది. సిమెంటు తొట్టి ఒకటి చూపిస్తే ఏళ్ల తరబడి మాట్లాడగలిగిన ఆ కుర్రవాడు గుర్తొచ్చి, ఆ చలిలో నాలో నేనే నవ్వుకున్నాను. మా అల్లుడు మాత్రం మామయ్యకు ఎత్తు పడలేదేమోనని కంగారుపడి నన్ను వెంటనే కిందికి దించేశాడు.